ఆయిల్ రంగుల డబ్బా కొనేముందు ట్యూబ్ వెనక్కి తిప్పి చూడండి

ఎనిమిది నెలల క్రితం నేనో స్టిల్ లైఫ్ వేశాను. ఎర్ర గుడ్డ మీద రెండు యాపిల్స్, ఒక కమలాపండు, ఓ గుత్తి నల్లద్రాక్ష. మొన్న ఇంటికొచ్చిన ఒకాయన ఆ బొమ్మ ముందు నిలబడి "జామకాయలు భలే వేశారండీ" అన్నాడు. ఆయన్ని ఏమనగలను? యాపిల్స్‌లో ఎరుపన్నది మిగిలితే కదా.

రంగులు ఆన్‌లైన్‌లో కొన్నాను. 24 ట్యూబ్‌ల డబ్బా, మూత మీద బంగారు అక్షరాల్లో "ఆర్టిస్ట్ గ్రేడ్", పైగా ఒక కాన్వాస్ ఉచితం. ట్యూబ్ నొక్కితే రంగు కంటే ముందు నూనె కారింది. నిలవున్న ట్యూబ్‌లో కాస్త నూనె తేలడం మంచి రంగుల్లోనూ ఉండేదేలే అని సర్దుకున్నాను.

ముందుగా బర్న్ట్ అంబర్‌ని, అంటే ముదురు గోధుమరంగుని, టర్పెంటైన్‌తో పల్చగా కలిపి నీడలన్నీ వేసేశాను. మర్నాడు కాన్వాస్ తిప్పి చూస్తే, ఇటు కుంచె తగిలిన చోటల్లా అటు నూనె మరక! గెసో, అంటే నూనె గుడ్డలోకి దిగకుండా ముందుగా వేసే తెల్ల పూత, పేరుకే ఉందన్నమాట. నూనె అలా గుడ్డలోకి దిగితే ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డ పెళుసెక్కుతుంది, పైనున్న రంగేమో నూనె చాలక కాంతి తగ్గి మాసినట్టు అయిపోతుంది. కొత్త కాన్వాస్ ఏదొచ్చినా ఓ మూల నూనె చుక్క వేసి, రాత్రంతా వదిలి వెనకవైపు చూడండి. మరక కనిపిస్తే ఇంకో రెండు పూతల గెసో పడాల్సిందే.

తర్వాత యాపిల్స్ మొదలుపెట్టాను. ట్యూబ్ మీద "కాడ్మియం రెడ్" అని ఉంది. వెలుతురు పడేవైపుకని కొద్దిగా తెలుపు కలిపానో లేదో, ఎరుపు కాస్తా పాలిపోయింది. చవక రంగుల్లో సుద్దో, బేరియం సల్ఫేటో దట్టించి ముద్ద పెంచుతారు, అందుకే ఆ నీరసం. సగం ట్యూబ్ ఖర్చు పెట్టి ఎలాగో నెట్టుకొచ్చాను. అది ఆరాక నీడవైపు క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుని కింది రంగు కనిపించేలా పల్చటి గ్లేజ్‌లా పూస్తే మాత్రం, నిజం చెప్పొద్దూ, పండు ముట్టుకుంటే చల్లగా తగిలేలా కనిపించింది. ఆ ఒక్క పూత చూసుకునే మురిసిపోయాను. అన్నిటికంటే ముందు పోయిందీ అదే.

బొమ్మని కిటికీకి ఎదురుగోడకి తగిలించాను. మొదట ఆ క్రిమ్సన్ పూత పోయింది, తర్వాత ద్రాక్షల ఊదా బూడిదరంగుకి తిరిగింది, ఆ వెనకే యాపిల్స్ మొత్తం వెలిశాయి. కమలాపండుకి ఏమీ కాలేదు. అనుమానమొచ్చి ఫ్రేమ్ ఊడదీస్తే, దాని అంచు కింద దాగిన పావంగుళం గుడ్డ మాత్రం తొలిరోజు ఎరుపుతోనే నిగనిగలాడుతోంది. వెలుగు తగిలినంత మేరా రంగు ఎగిరిపోయింది.

అప్పుడు గాని ట్యూబ్ వెనక్కి తిప్పలేదు, నా బుద్ధి అలా ఏడ్చింది. నికార్సైన రంగుల ట్యూబ్ మీద పిగ్మెంట్ కోడ్, అంటే లోపల వాడిన అసలు రంగుపొడి ఏదో చెప్పే గుర్తు, ఉంటుంది. అసలైన కాడ్మియం ఎరుపుకి పీఆర్ 108. పేరు పక్కన "హ్యూ" అని ఉంటే ఆ ఛాయ తెచ్చారే గాని ఆ పిగ్మెంట్ లేదని. అది మోసం కాదు, చెప్పే అమ్ముతున్నారు. నా డబ్బాలో హ్యూ అనీ లేదు, కోడూ లేదు, ఉన్నది పేరొక్కటే. క్రిమ్సన్ విషయంలో కోడ్ ఉన్నా చూసుకోవాలి: పాత అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్ 83, వెలుగుకి నిలవదు, ముఖ్యంగా పల్చగా పూసినా తెలుపుతో కలిపినా. లైట్‌ఫాస్ట్‌నెస్‌ని, అంటే వెలుగుకి రంగు నిలిచే గుణాన్ని, ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పద్ధతిలో 1, 2 అని గుర్తిస్తే ధైర్యంగా వాడొచ్చు. పీఆర్ 83ది 3. దాని బదులు క్వినాక్రిడోన్ రకం పీవీ 19 తీసుకోండి. ఈ తంటా ఇవాళ్టిది కాదు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1890లో గులాబీ రంగులో వేసిన గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి, ఆయన వాడిన ఎరుపు అలాంటిది.

తెలుపు ట్యూబ్ కూడా చూడండి. పీడబ్ల్యూ 6 అయితే టైటానియం, నిశ్చింత. పీడబ్ల్యూ 4 ఒక్కటే ఉంటే అది జింక్, ఆరి పెళుసై ఏళ్ల తర్వాత పగుళ్లు తెస్తుంది.

అమ్మినవాళ్లకి ఫోటోలతో సహా రాస్తే "స్క్రీన్‌ని బట్టి రంగు తేడాగా కనిపించవచ్చు" అని జవాబు! వాపసు గడువు ఎప్పుడో దాటిపోయిందట. ఐదు నక్షత్రాల రివ్యూలు చూసే కొన్నాను మరి. అవి దొంగవని కూడా అనను. డబ్బా విప్పిన వారంలో రాస్తే నేనూ ఐదే ఇచ్చేవాణ్ణి.

ఇప్పటికే కొనేసి ఉంటే ఇలా చేయండి. గెసో పూసిన అట్టముక్క మీద ఒక్కో రంగునీ ఒక గీత చిక్కగా, పక్కనే తెలుపు కలిపి ఇంకో గీత వేయండి. ఆరాక సగం మీద వెండి కాగితం చుట్టి, ఎండ పడే కిటికీలో రెండు మూడు నెలలు ఉంచండి. నా 24లో తొమ్మిది పోయాయి: ఎరుపులు, గులాబీలు, ఊదాలు. ఓకర్, అంబర్ లాంటి మట్టిరంగులు చెక్కుచెదరలేదు, వాటిని నేపథ్యాలకి వాడుకుంటున్నాను. కిటికీలో ఆ అట్ట ఇంకా అలాగే ఉంది. మీ డబ్బాలో ఎరుపు ట్యూబ్ వెనక ఏ కోడ్ ఉందో, అసలు ఉందో లేదో చూసి నాకూ చెప్పండి.