పచ్చళ్ల కొట్ల ‘ఫారిన్ ప్యాకింగ్’: సీలుకు మంచి మార్కులు, లేబులుకు పాస్ మార్కులు కూడా కష్టమే

అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్... ఏ పచ్చళ్ల కొట్టుకెళ్లినా తూకం వేయగానే అడిగేది ఒకటే: “ఫారిన్ ప్యాకింగా, మామూలుదా?” ఈ రివ్యూ ఆ ఫారిన్ ప్యాకింగ్ గురించే. అందులోనూ అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, ఆర్‌వీ (పడకలు, వంటగది ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని సరిహద్దు దాటి కెనడా చూసి రావాలనుకునే వాళ్ల కోసం. వాళ్ల ప్యాకెట్ మూడు చోట్ల గట్టెక్కాలి: అమెరికాలో దిగినప్పుడు, కెనడా గేటు దగ్గర, మళ్లీ అమెరికాలోకి వచ్చేటప్పుడు.

సీలు సంగతి బాగానే ఉంది. మందపాటి కవర్లో పోసి, గాలి తీసి, వేడి పట్టీతో అతికిస్తారు. కారితే అందుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కవరు మూతి లోపల నూనె అంటుకుని ఉండటం. నూనె తడి ఉన్నచోట ప్లాస్టిక్ అతుక్కోదు, పైకి మాత్రం అతికినట్టే కనిపిస్తుంది. కవరు మూడింట రెండొంతులే నింపమనండి, మూతి లోపల పొడిగుడ్డతో తుడిపించండి, వేలెడు ఎడంతో రెండు సీళ్లు వేయించి, రెండో కవర్లో పెట్టించండి. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. విమానంలో పీడనం తగ్గినప్పుడు డబ్బాలో మిగిలిన గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి నూనెను నెడుతుంది. కలిపిన రోజే ఆవకాయ సీలు చేయించడం ఇంకో పొరపాటు. మూడో రోజు తిరగకలిపి, ఊట దిగాక కట్టిస్తేనే నయం, లేకపోతే కవరు ఉబ్బే ప్రమాదం ఉంది.

కిలో ప్యాకెట్ చవకగా అనిపిస్తుంది కానీ, కోశాక మళ్లీ మూసే దారి ఉండదు. ఆర్‌వీ ఫ్రిజ్ చిన్నది, బండి కుదుపులకు తెరిచిన కవరు బోర్లాపడితే వాసన వారం వదలదు. పావు కిలోవే తీసుకోండి.

అసలు లోపం లేబులు దగ్గరే. చాలా కొట్లలో స్టిక్కరు మీద దుకాణం పేరు, ఫోన్ నంబరు పెద్దగా ఉంటాయి, లోపలున్నదేంటో పెన్నుతో గీసిన టిక్కు చెప్పాలి. సరిహద్దు అధికారికి నూనె కారిందా లేదా అనేది పట్టదు, అందులో ఏముందన్నదే కావాలి. ఇంగ్లిషులో అచ్చయిన పేరు, దినుసుల పట్టిక, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశపు ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్న ప్యాకెట్టే అడగండి. ఆ నంబరు అమెరికాకు అనుమతి పత్రమేమీ కాదు, ఇంట్లో కట్టిన మూట కాదని మాత్రం చెబుతుంది.

“అన్నీ పంపొచ్చు సార్” అనే కౌంటర్ భరోసాను మాత్రం నమ్మొద్దు. చికెన్, మటన్ పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. విడిగా బియ్యం కూడా అంతే: నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయంతో, ఆ పురుగున్న దేశాల నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని 2011 నుంచి ఆపేశారు. పచ్చి కరివేపాకుకూ నిషేధమే. అది నిమ్మ కుటుంబపు చెట్టు, నిమ్మజాతి తోటల్ని తినేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. కాబట్టి మిక్చర్‌లో, పచ్చడి తాలింపులో ఆకు వేయొద్దని ముందే చెప్పండి, కరివేపాకు పొడి బదులు కంది పొడి తీసుకోండి. పాలకోవా ఇక్కడే తినేసి వెళ్లడం మేలు. పొడులు పెద్ద పెట్టెలోనే సర్దండి: అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడి చేతిసంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలు నూనె వల్ల మండే సరుకు కింద లెక్క, వాటిని శంషాబాద్‌లోనే తీయించేస్తారు.

ఆహారం ఉందా అని అడిగితే “ఉంది” అనాలి, అంతే. చెప్పి చూపిస్తే, కుదరనిది చెత్తబుట్టలో వేయించి పంపేస్తారు. దాస్తే జరిమానా 10,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు.

ఆర్‌వీతో సియాటెల్ వైపు నుంచి బ్లెయిన్ దగ్గర దాటినా, నయాగరా దగ్గర దాటినా, అధికారి బండెక్కి ఫ్రిజ్, అలమరాలు తెరిచి చూడొచ్చు. పచ్చళ్లు, పొడులు ఒకే డబ్బాలో, అసలు కవర్లతో, తలుపు దగ్గరే పెట్టుకుంటే పని తొందరగా తెములుతుంది. స్టీలు డబ్బాల్లోకి మార్చారో, ప్రతి దానికీ సంజాయిషీ చెప్పాలి. అమెరికాలోని ఇండియన్ స్టోర్లో కొన్న పప్పుల బిల్లులు దాచుకోండి, బియ్యం సరిహద్దు చేరేలోపే అయిపోయేలా కొనుక్కోండి. అమెరికాలో కొన్న పాలు, పెరుగు, పనీర్ లాంటివి సొంతానికి మనిషికి 20 కిలోల దాకా కెనడాలోకి రానిస్తారు. క్యాంప్‌ఫైర్ కోసం కట్టెలు మాత్రం తీసుకెళ్లొద్దు.

తిరుగు ప్రయాణంలో జనం పట్టుబడేది పళ్లతోనే. కెనడా దుకాణంలో కొన్నంత మాత్రాన అది కెనడాలో పండిన పండు అయిపోదు. అక్కడ కొన్న మామిడి, నిమ్మ, బత్తాయి గేటుకు ముందే తినేయండి.