ఆర్‌ఎక్స్ 100కి ఇంట్లోనే మార్చిన వెనక ఇండికేటర్లు: నాలుగేళ్ల తర్వాత

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిదో స్కూటీ స్టాండు జారి మా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు గానీ కుడివైపు వెనక ఇండికేటర్ మెడ విరిగి, వైరు పట్టుకుని వేలాడుతోంది. నాన్న 1993లో కొన్న బండి ఇది. ఆయనైతే అదే రకం ఇండికేటర్ వెతికి తెచ్చి, పది నంబరు పానాతో బిగించి ఊరుకునేవారు. నేను ఊరుకోలేదు. ఎలాగూ ఒకటి పోయింది కదా, వెనక రెండూ తీసేసి సన్నటి ఎల్‌ఈడీ పట్టీలు పెడితే బండి కొత్తగా కనబడుతుందని బుద్ధి పుట్టింది. అది 2021 జూన్. అప్పటినుంచి రోజూ ఉప్పల్ నుంచి కోఠికి, కోఠి నుంచి ఉప్పల్‌కి ఇదే బండి. ఈ నాలుగేళ్లలో మూడుసార్లు విప్పి బిగించాక ఇప్పుడున్న అమరిక కుదిరింది. ఎవరైనా ఈ పని మొదలుపెట్టేముందు చదువుతారని రాస్తున్నాను.

మొదటి సెట్టు మూడొందల యాభై రూపాయలు. టెయిల్ లైట్ కింద, నంబర్ ప్లేటుకు అటూ ఇటూ అతికించే రబ్బరు పట్టీలు. బిగించడం అరగంట పని. యమహా వైరింగ్‌లో ఒక సుఖం ఉంది. ఎడమ ఇండికేటర్‌కు చాక్లెట్ రంగు వైరు, కుడికి ముదురు పచ్చ, ఎర్త్‌కు నలుపు. సీటు విప్పితే ఆ బుల్లెట్ కనెక్టర్లు చేతికందుతాయి. పాతవి లాగి కొత్తవి గుచ్చడమే. ఒకటే తేడా, పాత ఇండికేటర్ బల్బును ఎటు తిప్పి పెట్టినా వెలుగుతుంది, ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ సరిగ్గా పడాలి.

తాళం తిప్పి స్విచ్ నొక్కగానే టకటకటక మొదలైంది. మామూలుకు రెట్టింపు వేగం. కారణం చిన్నది. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న డబ్బా ఫ్లాషర్ రిలే. పాత రకం రిలే తన గుండా ఎంత కరెంటు పోతోందో దాన్నిబట్టి కొట్టుకుంటుంది. ఒక వైపు పది వాట్ల బల్బులు రెండు, అంటే ఇరవై వాట్లు ఉండాలని దాని లెక్క. వెనక బల్బు పోయి ఒక వాటు ఎల్‌ఈడీ వచ్చేసరికి, ఆ వైపు బల్బు కాలిపోయిందనుకుని వేగం పెంచింది. నిజానికి అది మనకు చేసే హెచ్చరిక. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

నేను చేసిన మొదటి తప్పు రెసిస్టర్లు పెట్టడం, అంటే పాత బల్బు ఇంకా ఉందని రిలేను నమ్మించేలా కరెంటు తాగే ముక్కలు. వీడియోల్లో అందరూ అదే చెప్తారు. కోఠి గుజరాతీ గల్లీలో పది ఓముల సిరామిక్ రెసిస్టర్లు రెండు తెచ్చి, ఒక్కో ఎల్‌ఈడీకి పక్కన కలిపి, సీటు కింద వైర్ల కట్టకే టేపు చుట్టేశాను. వేగం తగ్గింది, సంబరపడ్డాను. పన్నెండు వోల్టుల దగ్గర పది ఓముల రెసిస్టర్ వెలిగినంతసేపూ పద్నాలుగు వాట్ల పైచిలుకు తాగుతుందని లెక్క వేసుకోవడం తర్వాత సంగతి. అంటే తీసేసిన బల్బు కన్నా ఎక్కువ. వెలుతురేమీ లేదు, అంతా వేడే. ఈ బండికి ఇండికేటర్ దానంతటదే ఆగే సౌకర్యం లేదు. ఒకరోజు ఎడమ ఇండికేటర్ ఆపడం మర్చిపోయి అంబర్‌పేట దాకా వచ్చాను. సాయంత్రం సీటు విప్పితే టేపు జిగురు కారి, పక్కనున్న రెండు వైర్ల తొడుగు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుని ఉంది. ఇంకో వారం అలాగే తిరిగుంటే షార్ట్ అయ్యేదే.

రెసిస్టర్ పెట్టి తీరాలంటే ఇనప చట్రానికి బోల్టుతో బిగించి, వైర్లకూ ప్లాస్టిక్‌కూ దూరంగా ఉంచాలి. కానీ అసలు పెట్టొద్దనే నా మాట. మా వీధి చివర మెకానిక్ భాయ్ ఆ కాలిన వైర్లు చూసి నవ్వాడు. "గీ రెసిస్టర్లు గిస్టర్లు ఎందుకన్నా? మూడు వైర్ల రిలే దొరుకుతది, దాని నల్ల వైరు బాడీకి ఇయ్యి, అయిపాయె." నూట యాభై రూపాయల ఎలక్ట్రానిక్ రిలే. పాత రిలేకు రెండే కాళ్లు, కరెంటు లోపలికొచ్చేదొకటి, స్విచ్‌కు పోయేదొకటి. కొత్తదానికి మూడోది ఎర్త్. అది బల్బుల కరెంటును పట్టించుకోదు, లోపలి సర్క్యూట్ చెప్పిన వేగంతోనే కొడుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని లెక్కపెట్టాను, నిమిషానికి ఎనభై ఐదు. మన మోటారు వాహనాల నిబంధనల్లో అరవై నుంచి నూట ఇరవై మధ్య ఉండాలని ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రిలే ఇప్పటికీ అదే, ఒక్కసారి కూడా మార్చలేదు. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసిన వస్తువు అదొక్కటే.

ఇక ఆ పట్టీల సంగతి. రాత్రిపూట చూస్తే ముద్దొచ్చేవి. మొదటి వానాకాలంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోంచి రెండుసార్లు వచ్చాను, మూడో రోజుకు ఎడమ పట్టీలో ఆవిరి పట్టి సగం చుక్కలు ఆరిపోయాయి. వెనకవైపు సిలికాన్ పూసి మళ్లీ పెట్టాను. దసరా దాకా లాగింది.

నీళ్లు పోవడం చిన్న విషయం. పెద్ద విషయం మా ఆవిడ చెప్పింది. ఒక ఆదివారం మధ్యాహ్నం తన స్కూటర్ మీద నా వెనకే వస్తోంది. రామంతాపూర్‌లో కుడికి తిరిగాను. తను నేరుగా వెళ్లిపోయి, పది నిమిషాలకు ఫోన్ చేసి నన్నే తిట్టింది, ఇండికేటర్ వేయకుండా తిరిగానని. వేశాను. నూటికి నూరుపాళ్లు వేశాను. అదే మాట అంటే, "మీరు వేశారేమో, నాకు మాత్రం కనబడలేదు" అంది.

మర్నాడు ఒంటిగంటకు మా తమ్ముణ్ణి ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి, తర్వాత వంద అడుగుల దూరంలో నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించాను. ముప్పై అడుగులకు కనబడుతోంది. వందకు, వెనకనుంచి ఎండ పడుతుంటే, వెలుగుతోందో లేదో నాకే తెలియలేదు. బ్రేకు నొక్కితే మరీ ఘోరం. టెయిల్ లైట్ ఎర్రటి వెలుతురు పక్కనే ఉన్న పసుపును మింగేస్తోంది. పాత ఇండికేటర్లు కాడలతో బయటికి పొడుచుకొచ్చి ఎందుకున్నాయో అప్పుడు తలకెక్కింది. నాకు వెకిలిగా అనిపించిన ఆ కాడలే వెనకొచ్చేవాడికి దారి చెప్పేవి. టెయిల్ లైటుకు దూరంగా, సీటు వెడల్పు దాటి, విడిగా ఒక చుక్కలా కనబడితేనే ఇది బ్రేకు కాదు, మలుపు అని వాడికి అర్థమవుతుంది. వరసగా పరుగెత్తే రకం ఎల్‌ఈడీలు కూడా ఒక స్నేహితుడి బండి మీద చూశాను. కారు మీద అంత పొడవుంటే బాగుంటుంది గానీ, మూడంగుళాల పట్టీలో పరుగెత్తడానికి చోటెక్కడిది? అన్ని చుక్కలూ వెలిగే సమయం రెప్పపాటు, అంతలోనే ఆరిపోతుంది.

2022 ఏప్రిల్‌లో పట్టీలు పీకేసి, పాత ఆకారంలోనే ఉన్న కొత్త ఇండికేటర్ డబ్బాలు తెచ్చాను. జత ఆరువందలు. లోపల మామూలు బల్బుకు బదులు అదే హోల్డర్‌లో పట్టే ఎల్‌ఈడీ బల్బు. ఇక్కడ రెండు విషయాల్లో డబ్బు తగలేశాను. మొదట తెల్ల ఎల్‌ఈడీ తెచ్చాను. పసుపు అద్దం వెనక తెల్లది పెడితే పసుపే వస్తుందిగా అనుకున్నాను. వస్తుంది, కానీ పాలిపోయి వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ వెలుతురులో నీలం పాళ్లు ఎక్కువ, ఆ అద్దం దాన్నంతా ఆపేస్తుంది. పసుపు అద్దానికి పసుపు ఎల్‌ఈడీయే పెట్టాలి. రెండోది, కొస మీద మాత్రమే చిప్పు (వెలిగే చుక్క) ఉన్న బల్బు వద్దు. ఇండికేటర్ డబ్బాలో వెలుతురును వెనక్కి కొట్టేది గిన్నెలాంటి ఆ మెరుపు భాగం. చిప్పులు చుట్టూ ఉన్న బల్బు అయితేనే గిన్నె నిండా వెలుతురు పరుచుకుంటుంది. తమ్ముణ్ణి మళ్లీ ఎండలో నిలబెట్టాను. ఈసారి వంద అడుగులకూ స్పష్టంగా కనబడింది. వాడు మాత్రం ఇంకెప్పుడూ పిలవొద్దన్నాడు.

ఎర్త్ గురించి ఒక మాట. పాత కాడలు లోహంవి కాబట్టి ఎర్త్ మడ్‌గార్డ్ గుండా కూడా అందుతుంది. రబ్బరు మెడ ఉన్నవాటికి ఆ దారి లేదు, విడిగా నల్ల వైరు వేయాల్సిందే. ముప్పై ఏళ్ల మడ్‌గార్డ్‌కు లోపల తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి, లోహపు కాడ అయినా సరే నేను విడి వైరు వేశాను. అతుకులన్నీ టంకం పెట్టి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. మెలితిప్పి టేపు చుట్టడం మే నెల ఎండలో మూడు వారాల ముచ్చటే. టంకం పెట్టిన వైరును కూడా ఊగకుండా చట్రానికి కట్టాలి. టూ స్ట్రోక్ ఇంజిన్ అదురుకు అతుకు పక్కనే వైరు తెగుతుంది, నాకొకసారి తెగింది.

వెనకవి కుదిరాక ముందువాటి మీద మనసు పడింది. సెల్ఫ్ లేని బండి, బ్యాటరీ చిన్నది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ, బ్రేకు పట్టుకుని ఉంటే ముందు బల్బులు నీరసంగా మిణుకుమనేవి. అవీ ఎల్‌ఈడీ చేశాను. అంతే, ఎడమకు వేస్తే నాలుగూ కొట్టుకుంటున్నాయి. కుడికి వేసినా నాలుగూ. రిలే పోయిందనుకుని ఒక పూట వృథా చేశాను.

దోషం మీటరులో ఉంది. ఈ బండికి ఇండికేటర్‌కు ఒకే గుర్తు దీపం. ఆ చిన్న బల్బు ఒక కాలు ఎడమ వైరుకు, ఇంకో కాలు కుడి వైరుకు కలిపి ఉంటుంది. ఎడమకు వేసినప్పుడు కరెంటు ఆ దీపం గుండా వెళ్లి, కుడివైపు బల్బుల తీగలోంచి ఎర్త్‌కు చేరుతుంది. పది వాట్ల బల్బు వెలగాలంటే దాదాపు 0.8 ఆంపియర్ కావాలి, దీపం గుండా వచ్చే పిసరంత కరెంటు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎల్‌ఈడీకి ఆ పిసరే పండగ. ముందు వైపు పాత బల్బులు ఉన్నన్నాళ్లూ ఆ కరెంటు వాటిలోంచి పోయింది కాబట్టి ఈ సంగతి బయటపడలేదు.

మందు రెండు డయోడ్లు, కరెంటును ఒకే వైపు పోనిచ్చే ముక్కలు. 1ఎన్4007, ఒక్కోటి రెండు రూపాయలు. మీటరు దీపం రెండు వైర్లనూ విప్పి, ఎడమ వైరుకొకటి, కుడి వైరుకొకటి డయోడ్ కలిపి, తెల్ల గీత ఉన్న కొసలు రెండూ ఒకటి చేసి దీపం ఒక కాలికి ఇవ్వాలి. రెండో కాలు ఎర్త్‌కు. ఇక ఏ వైపు వేసినా కరెంటు దీపానికి వస్తుంది, అవతలి వైపుకు దాటదు. ఎడమ, కుడి గుర్తులు విడివిడిగా ఉండి ఒక్కోదానికి సొంత ఎర్త్ ఉన్న మీటర్లకు ఈ బాధ లేదు. హెడ్‌లైట్ డూమ్ విప్పి, అందులో కుక్కిన వైర్ల మధ్య ఈ పని చేయడానికి నాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. చేయి తిరిగినవారికి గంట చాలు.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగినా వెలుగు తగ్గదు, వేగం మారదు. మూడు వానాకాలాలు గడిచాయి, డబ్బాల్లోకి నీళ్లు చేరలేదు. ఎడమ ఇండికేటర్ అద్దం ఎండకు కాస్త మసకబారింది, కుడిది బాగానే ఉంది, ఎందుకో తెలియదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అప్పుడు తనిఖీ చేసే ఆయన నాలుగూ వేయించి చూసి, ఏమీ అనకుండా పక్కకు వెళ్లారు. రంగు పసుపు కాకుండా నీలమో తెలుపో పెట్టుంటే అక్కడే ఆగిపోయేది.

ఫిర్యాదు ఒకటుంది. కొత్త రిలేకు టిక్ టిక్ శబ్దం లేదు. రోడ్డు మీద పాతదాని శబ్దం కూడా వినబడేది కాదు నిజమే, సిగ్నల్ దగ్గర మాత్రం వినబడేది. ఆపడం మర్చిపోవడం ఎక్కువైంది. చిన్న బజర్ తెచ్చి మీటరు దీపానికి కలిపాను. వారం తర్వాత నాకే విసుగొచ్చి పీకేశాను.

దానికన్నా ముఖ్యమైనది నెల క్రితం తెలిసింది. వెనక ఎడమ బల్బులో సగం చిప్పులు చచ్చిపోయాయి. ఎప్పుడు పోయాయో తెలియదు. పాత బల్బులూ పాత రిలే ఉండుంటే, బల్బు పోగానే వేగం పెంచి చెప్పేది. కొత్తది బల్బు ఉన్నా లేకపోయినా నిమిషానికి ఎనభై ఐదే కొడుతుంది. మీటరు దీపం కూడా హాయిగా వెలుగుతూనే ఉంటుంది. వెనకొచ్చే ఒక ఆటో ఆయన సిగ్నల్ దగ్గర చెప్పకపోతే ఇంకెన్నాళ్లు అలా తిరిగేవాణ్ణో. బల్బు మార్చాను. ఆదివారం టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌కు వేసే నూనె) పోసేటప్పుడు తాళం తిప్పి, ఎడమ ఒకసారి, కుడి ఒకసారి వేసి, బండి వెనక్కి నడిచి చూసి వస్తున్నాను.