పేరెంట్ ప్లస్ లోన్: హౌస్ లెక్క, సెనేట్ లెక్క

అమెరికాలో పిల్లల డిగ్రీ చదువుకు తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అప్పు పేరెంట్ ప్లస్. ఇతర ఆర్థిక సాయం పోను కాలేజీ ఖర్చు ఎంతైతే అంతా ఇచ్చేవారు. 2025లో దానికి పరిమితి పెట్టడానికి అమెరికా చట్టసభలోని దిగువ సభ హౌస్, ఎగువ సభ సెనేట్ నుంచి రెండు ప్రతిపాదనలు వచ్చాయి.

హౌస్ బిల్లులో ఎంతమంది పిల్లలున్నా మొత్తం 50,000 డాలర్లే. పెద్దదాని చదువుకే అది అయిపోతే చిన్నవాడి సంగతేంటి?

సెనేట్ ఒక్కో బిడ్డకూ లెక్క కట్టింది: ఏడాదికి 20,000, మొత్తం 65,000. ఇదే నయం. కానీ ఇందులోనూ మెలిక ఉంది. మూడేళ్లు పూర్తిగా వాడుకుంటే నాలుగో ఏడాదికి మిగిలేది 5,000. తక్కువైతే ప్రైవేటు బ్యాంకు గడప తొక్కాల్సిందే.

చివరికి చట్టమైంది సెనేట్ లెక్కే. 2026 జులై 1 నుంచి అమలు. హెచ్-1బి మీదున్న మనవాళ్లకు మాత్రం ఈ లోన్ ముందునుంచీ లేదు.