వెన్నుపాము స్టిమ్యులేటర్: బ్యాటరీతో కొన్నేళ్ల అనుభవం

నడుము ఆపరేషన్ తరువాత కూడా కాలిలో మిగిలిపోయిన నరాల నొప్పికి చెన్నైలో అమర్చిన రీఛార్జబుల్ స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒంట్లో అమర్చే ఈ పరికరం వెన్నుపాముకు చిన్న చిన్న కరెంటు పల్సులు పంపి నొప్పిని తగ్గిస్తుంది. నొప్పి ఎంత తగ్గుతుందన్నది మనిషి మనిషికీ మారుతుంది కనుక ఇక్కడ బ్యాటరీ గురించే రాస్తున్నాను.

ఛార్జింగ్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ప్రధానంగా సెట్టింగుల మీద ఆధారపడుతుంది. పల్స్ తీవ్రత, దాని నిడివి, సెకనుకు ఎన్ని పల్సులన్నది, ఈ మూడింటిలో ఏది పెరిగినా బ్యాటరీ ఖర్చు పెరుగుతుంది. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 పల్సులు) వద్ద 300 మైక్రోసెకన్ల పల్సులు పంపితే సెకనులో 15 మిల్లీసెకన్లే కరెంటు ప్రవహిస్తుంది. 10,000 హెర్ట్జ్ వద్ద పల్స్ నిడివి 30 మైక్రోసెకన్లకు తగ్గినా మొత్తం 300 మిల్లీసెకన్లవుతుంది. ఆ పద్ధతిలో పల్సుల వల్ల కలిగే తిమ్మిరి తెలియదు, కానీ దాదాపు రోజూ ఛార్జ్ చేయాలి. నాది మొదటి రకం. తిమ్మిరికి అలవాటు పడ్డాను, వారానికోసారి ఛార్జ్ చేస్తే సరిపోతోంది. కాసేపు పనిచేసి కాసేపు ఆగే సైక్లింగ్ పద్ధతి పెట్టించుకున్నాక ఆ వ్యవధి ఇంకా పెరిగింది, ఉపశమనం మాత్రం తగ్గలేదు. ప్రోగ్రామింగ్‌కు, అంటే సెట్టింగులు మార్పించుకోవడానికి, వెళ్లినప్పుడు దాని గురించి మనమే అడగాలి, అక్కడి సిబ్బంది తమంతట తాము చెప్పరు.

ఛార్జింగ్ చర్మం మీద ఛార్జర్ కాయిల్ (తీగచుట్ట) పెట్టి, అయస్కాంత క్షేత్రం ద్వారా జరుగుతుంది. కాయిల్ కాస్త పక్కకు జరిగినా వేగం పడిపోతుంది. మే నెలలో చెన్నై ఉక్కపోతకు కాయిల్‌ను పట్టి ఉంచే బెల్టు కింద చెమట పట్టి కాయిల్ జారుతుంది, పైగా వేడెక్కితే ఛార్జర్ తనంతట తానే ఆగిపోతుంది. అందుకే ఏసీ గదిలో కూర్చునే ఈ పని పెట్టుకుంటాను. కాలిన గాయాలయ్యే ప్రమాదం ఉన్నందున నిద్రలో ఛార్జ్ చేయవద్దని నాకిచ్చిన సూచనల్లో ఉంది. పాడైన బెల్టును మార్చడానికి సరఫరాదారు వారాల తరబడి తిప్పించుకోవడం మాత్రం క్షమించరానిది.

రీఛార్జ్ అవసరం లేని రకాలూ ఉన్నాయి. బ్యాటరీ అయిపోయినప్పుడు పరికరాన్నే ఆపరేషన్ చేసి మార్చాలి, అది సాధారణంగా కొన్నేళ్లకే వస్తుంది. అయినా ఛార్జర్‌తో కుస్తీ పట్టలేని పెద్దవారికి, కరెంటు ఖర్చు తక్కువగా ఉండే సెట్టింగు సరిపోతే, అదే మేలని నా అభిప్రాయం.

ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో మాట్లాడవలసిన సంగతి, పరికరాన్ని ఎక్కడ, ఎంత లోతున పెడతారన్నది. లోతు పెరిగేకొద్దీ కాయిల్ నుంచి అందే శక్తి తగ్గుతుంది. నాకు పిరుదు పైభాగంలో పెట్టారు. ప్యాంటు బెల్టు ఒరుసుకోదు కానీ, వెనక్కి చేయి పెట్టి కాయిల్‌ను సరిగ్గా కుదర్చడానికి ఇప్పటికీ మా ఆవిడ సాయం కావాలి.