పేర్లు పోయినా ఫోటోలు దక్కాయి: ఆరేళ్లుగా నేను వాడుతున్న రికవరీ సాఫ్ట్‌వేర్ ఫోటోరెక్

2019 ఆగస్టులో ఒక రాత్రి, తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో కంప్యూటర్‌కు అప్‌డేట్ పడుతుండగా కరెంటు పోయింది. తెల్లారి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ బోసిగా ఉంది. పిక్చర్స్ ఖాళీ, డాక్యుమెంట్స్ ఖాళీ. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మా నాయన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన 2017లో పోయారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఏటా వేషం కట్టేవారు. బైరాగి వేషం, తోటి వేషం, ఒళ్లంతా చందనం పూసుకుని దొర వేషం... తొమ్మిదేళ్ల జాతర ఫోటోలు, ఒక్క కాపీ.

నిజానికి ఆ పొద్దుటికి ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. అప్‌డేట్ సగంలో ఆగి నా ప్రొఫైల్, అంటే నా పేరు మీద ఉండే ఖాతా, తెరుచుకోక, సిస్టం తాత్కాలిక ప్రొఫైల్‌లోకి తీసుకెళ్లింది. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి, నా పాత పేరు మీద నొక్కి ఉంటే అన్నీ కనబడేవి. ఆ ముక్క చెప్పేవాళ్లు లేరు. టెన్షన్‌లో సీపీయూ ఎత్తుకుని ఒక షాపుకు పోయాను. "ఎట్లాగూ పోయినాయి కదన్నా, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసేస్తా" అన్నాడు ఆ అబ్బాయి. సరే అన్నాను. ఫైళ్లు పోయింది అప్పుడు.

అందుకే మొదట ఇది చెప్తున్నా. అప్‌డేట్ తర్వాత ఫైళ్లు కనబడకపోతే యూజర్స్ ఫోల్డర్ చూడండి. విండోస్ పెద్ద అప్‌గ్రేడ్ అయితే సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ కూడా ఉంటుంది, మామూలుగా పది రోజులకు అదే చెరిగిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇంటర్నెట్ నిల్వ వన్‌డ్రైవ్ వాడేవాళ్లు అందులో కూడా వెతకండి. ఈ మూడు చోట్లా లేకపోతేనే రికవరీ సాఫ్ట్‌వేర్, అంటే పోయిన ఫైళ్లను వెతికి తీసేదాని మాట. నేను వాడింది ఫోటోరెక్.

దీన్ని రాసింది క్రిస్టోఫ్ గ్రెనియే. పూర్తిగా ఉచితం. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లు రెండు చూశాను. దొరికిన ఫోటోలను చిన్నగా చూపించి, సేవ్ చేసుకోవాలంటే కొనమన్నాయి. ఇందులో ఆ బాధ లేదు. దీన్ని డౌన్‌లోడ్ చేస్తే టెస్ట్‌డిస్క్ కూడా తోడుగా వస్తుంది, అది చెదిరిన పార్టిషన్లను, అంటే డిస్కులో విడగొట్టిన భాగాలను, వెతికి నిలబెడుతుంది.

మామూలుగా కొట్టే క్విక్ ఫార్మాట్‌లో డిస్కు మీది డేటా అంతా చెరిగిపోదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే పోతుంది. ఫోటోరెక్ ఆ పట్టిక జోలికి పోకుండా డిస్కును మొదటి నుంచి చదువుకుంటూ పోతుంది. జేపెగ్ ఫోటో ఎప్పుడూ ఒకే రకం బైట్లతో మొదలవుతుంది కాబట్టి, ఆ గుర్తు కనబడ్డ చోటల్లా ఒక ఫోటోను బయటికి తీస్తుంది. ఫైలు పేరు ఉండేది పట్టికలో కాబట్టి పేరు మాత్రం తిరిగి రాదు.

నా ఒక టీబీ హార్డ్‌డిస్కును ఊడదీసి స్నేహితుడి ల్యాప్‌టాప్‌కు తగిలించాను. దొరికినవాటిని వేరే డిస్కులోకి పంపాను. ఇది తప్పనిసరి, అదే డిస్కులో సేవ్ చేస్తే ఇంకా దొరకాల్సినవాటి మీదే రాసేసినట్టు. ఫోటోరెక్ తెరిస్తే నల్లటి తెర, అక్షరాలు, బాణం మీటలు. మౌస్ పనిచేయదు. భయపడేవాళ్లకు దీనిదే ఇంకో రూపం క్యూఫోటోరెక్ ఉంది, అందులో మౌస్‌తో నొక్కుకోవచ్చు. ఫైలు రకాల్లో ఫోటోలకు జేపెగ్, వర్డ్ ఫైళ్లకు డాక్, ఈ రెండే ఉంచాను. అట్లా చేసినా ఇంటర్నెట్‌లో చూసిన చిన్నా చితకా బొమ్మలన్నీ కలిసి వచ్చాయి. రాత్రంతా నడిచింది. ఒక్కో దాంట్లో 500 ఫైళ్ల చొప్పున 82 ఫోల్డర్లు. ఏ ఫైలు చూసినా ఎఫ్ అనే అక్షరం, వెనక వరస అంకెలు.

నాయన దొర వేషం మూడో రోజు దొరికింది. నుదురు, కళ్లు, చందనం ఆరి పగిలిన బుగ్గలు అంతవరకూ చక్కగా ఉన్నాయి. గడ్డం కింద నుంచి అంతా బూడిదరంగు పలక. కొత్తగా వేసిన సిస్టం ఆ చోటును వాడేసుకుంది. అమ్మ ఆ సగం ఫోటోనే ఫ్రేము కట్టించమంది.

ఆయన టైపు చేసుకున్న జాతర లెక్కలు కూడా వచ్చాయి. తెరిస్తే అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు. పాడయ్యాయనుకుని తీసేయబోయాను. అవి తెలుగు టైపుకు వాడే పాత అను ఫాంట్లలో కొట్టినవని తర్వాత తట్టింది. ఫాంటు ఎక్కించగానే తెలుగు కనబడింది. మీకూ పాత ఫైళ్లు అట్లా వస్తే తొందరపడి డిలీట్ చేయకండి.

ఈ ఆరేళ్లలో చాలామందికి చేసిపెట్టాను. స్టూడియో నడిపే మిత్రుడు పెళ్లి ఫోటోలున్న మెమరీ కార్డును పొరపాటున ఫార్మాట్ చేస్తే ఫోటోలు దాదాపు అన్నీ వచ్చాయి, వీడియోలు సగం కూడా ఆడలేదు. పెద్ద ఫైళ్లు ముక్కలుగా చెదిరి ఉంటే దీనికి అతికించడం చేతకాదు. మా మేనకోడలి ల్యాప్‌టాప్ దగ్గర పూర్తిగా చేతులెత్తేశాను. అందులో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని చిప్పుల డిస్కు. డిలీట్ అయిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ చేయించేస్తుంది, ఇక చదవడానికి ఏమీ మిగలదు. ఆ పిల్ల ఏడుపు ఇంకా గుర్తుంది. హార్డ్‌డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే దీన్ని అసలు నడపకండి, తిప్పేకొద్దీ ఇంకా పాడవుతుంది. అది డేటా రికవరీ ల్యాబ్ పని.

నా మట్టుకు నేను ఇప్పుడు ఫోటోలు రెండు డిస్కుల్లో ఉంచుతున్నాను, ఒకటి చెల్లెలి ఇంట్లో, చిత్తూరులో.

82లో 21 ఫోల్డర్లు ఇంకా చూడాల్సి ఉంది. ఆదివారం సాయంత్రాలు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోటి తెరుస్తాను. మొన్న చీర కట్టి మాతంగి వేషంలో ఉన్న ఒకాయన వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని, "మీ నాయనతో పాటు మిల్లులో చేసినాయన రా, రాసుకో" అని పేరు చెప్పింది. అంకెలు తీసేసి ఆ పేరు పెట్టాను.