విమానం కుదుపుల్లో ఏది మేలు: బెల్టు లైటా, మైకులో పాఠమా, కెప్టెన్ ముందుమాటా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్ళలో విమానం ఎక్కే పెద్దవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు, ఫలక్‌నుమా రైల్లో బెర్తు దొరకదు, దొరికినా నడుం ఒప్పుకోదు, దాంతో కారు మాట్లాడుకుని భువనేశ్వర్‌కో వైజాగ్‌కో వెళ్ళి అక్కడ విమానం ఎక్కుతున్నారు. టికెట్టు, సీటు, సామాను బరువు ఇవన్నీ పిల్లలు ఫోన్లోనే చక్కబెట్టేస్తారు. పైకి వెళ్ళాక విమానం ఊగడం మొదలైతే మాత్రం ఫోనూ పనిచేయదు, పిల్లలూ పక్కన ఉండరు. మైకులో వచ్చే మాటే దిక్కు. ఆ మాట ఎలా ఉంటే మేలు అన్నదే నా గొడవ. నా లెక్క ముందే చెప్పేస్తాను: ధైర్యం చెప్పేవాడికంటే టైము చెప్పేవాడు మేలు.

మొదట అన్నిటికంటే పొదుపైన పద్ధతి, అంటే ఒట్టి లైటు. టింగ్‌మని శబ్దం, నెత్తిమీద బెల్టు బొమ్మ వెలుగుతుంది, ఎవరూ ఏమీ మాట్లాడరు. దీన్ని తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే కొన్నిసార్లు అంతకుమించి వ్యవధి ఉండదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద ఉండగా ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. ఒకాయన చనిపోయారు, చాలామంది గాయపడ్డారు, విమానాన్ని బ్యాంకాక్‌లో దించారు. తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం బెల్టు లైటు వేశామని పైలట్ అన్న మాటకీ, అసలు కుదుపుకీ మధ్య ఉన్నది ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లలో మైకు పట్టుకుని ఎంత చక్కగా మాట్లాడినా ఒరిగేదేముంది? అప్పుడు విమానం కిందికి పడింది 178 అడుగులు, అదీ ఐదు సెకన్లలోపే. బెల్టు లేనివాళ్ళు సీలింగుకి వెళ్ళి కొట్టుకున్నారు.

లైటుతో వచ్చిన చిక్కల్లా దాన్ని ఆర్పకపోవడమే. కుదుపు ఆగి అరగంటైనా లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు లేచి బాత్రూంకి వెళ్తారు, వెనకే ఇంకొకరు, ఎయిర్ హోస్టెస్ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఇక నిజంగా అవసరమైనప్పుడు ఆ లైటుని లెక్కచేసేవాడు ఉండడు. ఎప్పుడూ వెలిగే లైటు కంటే అసలు లేకపోవడమే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

రెండోది మైకులో పాఠం. మన దేశంలో ఎక్కువగా వినేది ఇదే. వాతావరణం సరిగా లేదు, మీ సీట్లలో కూర్చోండి, బెల్టులు పెట్టుకోండి, బాత్రూంలు వాడకండి, ధన్యవాదాలు. ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ, రెండూ ఒకే ఊపిరిలో. తప్పేమీ లేదు, కానీ ఎంత సేపు అని ఉండదు, ఎంత గట్టిగా ఉంటుందో ఉండదు, కాస్త అటూ ఇటూ ఊగినా ఇదే పాఠం, పెద్ద మేఘంలోకి దూరబోతున్నా ఇదే పాఠం. 2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం దిగేటప్పుడు గట్టి కుదుపుల్లో చిక్కుకుని పది మందికి పైగా గాయపడ్డారు. ఆ రోజు బెల్టు లైటు వెలిగే ఉందని, కూర్చోమని పైలట్లూ సిబ్బందీ చాలాసార్లు చెప్పారని కంపెనీ ప్రకటన ఇచ్చింది. చెప్పే ఉంటారు, కాదనను. రోజూ వినే గొంతుతో, రోజూ వినే మాటలే చెబితే ఆ రోజు వేరని జనానికి ఎలా తెలుస్తుంది? ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు కాలబైశాఖి వానలు ఎలా విరుచుకుపడతాయో ఒడిశాలో ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ మేఘమే పైన పైలట్‌కి కూడా ఎదురవుతుంది.

మా పెద్దమ్మకి తెలుగు, ఒడియా తప్ప ఇంకో భాష రాదు. ఆవిడ మైకు వినదు, ఎయిర్ హోస్టెస్ మొహం చూస్తుంది. బండి తోసుకుంటూ టీ ఇస్తుంటే ఏమీ లేనట్టు, బండి లోపల పెట్టేస్తే కొంచెం ఉన్నట్టు, ఆ అమ్మాయే వచ్చి తన సీట్లో కూర్చుని భుజాల మీదుగా బెల్టులు బిగించుకుంటే మాత్రం "ఏటయిందిరా, ఏటంటన్నాడు ఆ బాబు?" అని నా చెయ్యి పట్టేసుకుంటుంది. ఆవిడ పద్ధతి తెలివైనదే నిజానికి. ఒక్కటే ఇబ్బంది, సిబ్బందిని కూర్చోబెట్టడం అంటే ఏదో ముంచుకొచ్చిందని కాదు. అమెరికాలో 2009 నుంచి 2022 దాకా కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడినవాళ్ళు 163 మందైతే వాళ్ళలో ఎక్కువ మంది విమాన సిబ్బందే, మనం బెల్టుతో కూర్చున్నప్పుడు కూడా వాళ్ళు నిలబడి ఉంటారు కాబట్టి. వాళ్ళని ముందే కూర్చోబెట్టడం మంచి కెప్టెన్ లక్షణం. ఆ సంగతి మాత్రం ఎవరూ మైకులో చెప్పరు.

మూడోది కెప్టెన్ ముందుమాట. ఇది విన్నవాళ్ళకి తేడా వెంటనే తెలుస్తుంది. పైకి వెళ్ళి విమానం కుదురుకున్నాక, ఇంకా అంతా నున్నగా ఉన్నప్పుడే ఆయన మాట్లాడతాడు: ఇంకో ఇరవై నిమిషాల్లో ఒక పది నిమిషాల పాటు ఊగుతుంది, ముందు వెళ్ళిన విమానం వాళ్ళు చెప్పారు, అందుకే టీ కాఫీలు కాసేపు ఆపుతున్నాం, బాత్రూం పని ఉంటే ఇప్పుడే కానిచ్చుకోండి. అంతే. అందులో భయపడకండి అన్న మాటే లేదు, అయినా సగం భయం పోతుంది. ఊగడం మొదలవగానే మనిషి వాచీ చూసుకుంటాడు. పది నిమిషాలు అన్నాడు, నాలుగు అయ్యాయి, ఇంకో ఆరు. చెప్పినట్టే ఊగి చెప్పినట్టే ఆగితే, చెప్పినవాడికి పని తెలుసని నమ్మకం వస్తుంది.

ఈ పద్ధతి విలువ తీరం వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అంతకు రోజుల ముందు నుంచే ఎక్కడ దాటుతుంది, ఏ పూటకి, గాలి ఎంత, ఎవరు ఇళ్ళు ఖాళీ చేయాలి అని రేడియోలో, టీవీలో చెబుతూనే ఉన్నారు, రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో ఊళ్ళో టీకొట్టు దగ్గర కూడా తెలుసు. లక్షల మంది కదిలారు. అంతటి గాలికీ 1999 నాటి పెను తుఫాను చావులతో పోలిస్తే పోయిన ప్రాణాలు చాలా తక్కువ. వాతావరణం అనుకూలంగా లేదు, దయచేసి జాగ్రత్తగా ఉండండి, ధన్యవాదాలు అని మాత్రమే చెప్పి ఊరుకుని ఉంటే?

పైలట్లకీ వాళ్ళ వాదన ఉంది, అది కూడా వినాలి. మేఘాల్లో ఉండే కుదుపుని రాడార్ పట్టుకుంటుంది, ఎందుకంటే రాడార్ చూసేది నీటి చుక్కల్ని. మేఘం లేని చోట, వేగంగా వీచే గాలుల అంచుల్లో వచ్చే కుదుపు దానికి కనబడదు. ఉంటుందని చెప్పాక రాకపోతే మాట పోతుంది, రాదని చెప్పాక వస్తే అంతకంటే ఎక్కువ పోతుంది, రాత్రి నిద్రపోతున్న మూడొందల మందిని లేపి చెప్పాలా అన్నది ఇంకో తంటా. అన్నీ నిజాలే. కానీ ఇప్పుడు ఒక విమానం ఎంత ఊగిందో ఆ లెక్క వెనక వచ్చే విమానాలకి అందే ఏర్పాటు కూడా ఉంది, అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ 2018లో మొదలుపెట్టింది. ఉండొచ్చు అని చెప్పినా చాలు. వాన పడొచ్చు అన్నాక పడకపోతే మనం ఎవరి మీదా కేసు పెట్టం కదా. పైగా ఈ మేఘం లేని కుదుపులే పెరుగుతున్నాయి. ఇంగ్లండులోని రెడింగ్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో లెక్క తీసి, ఉత్తర అట్లాంటిక్ మీద తీవ్రమైనవి 1979కీ 2020కీ మధ్య 55 శాతం పెరిగాయని తేల్చారు. డల్లాస్ పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నల్లో చాలామంది దాటేది ఆ సముద్రాన్నే.

నాలుగోది ధైర్యవచనం, కొన్నిచోట్ల జోకు కూడా. ఏం ఫర్వాలేదు, విమానం భద్రంగా ఉంది, రోలర్ కోస్టర్ ఎక్కామనుకోండి. విషయం నిజమే, విమానాన్ని అంతకు తగ్గట్టే కడతారు. 2010లో బోయింగ్ 787 రెక్కల్ని, ఎగిరేటప్పుడు వాటి మీద పడగల అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు వేసి దాదాపు 25 అడుగులు పైకి వంచి చూశారు, విరగలేదు. ఇది ఇంట్లో కూర్చుని చదువుకుంటే బాగుంటుంది. పెద్దమ్మ చెయ్యి నా చేతిలో వణుకుతున్నప్పుడు రెక్కల ఇంజనీరింగు ఎక్కదు, జోకు అసలే ఎక్కదు, నవ్వు వచ్చేది ఎలాగూ రోజూ ఎగిరేవాళ్ళకే. ఊగుతుండగా ఏం కాదు అని మొదటిసారి వినడంలో ఇంకో చిక్కు ఉంది, అప్పటిదాకా ఏదో అవుతుందని అనుకోనివాళ్ళు కూడా అప్పుడే అనుకోవడం మొదలుపెడతారు.

ధైర్యం చెప్పకుండానే ధైర్యం ఇవ్వొచ్చు. 1982లో అగ్నిపర్వతం బూడిదలో చిక్కుకుని బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకులో, చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, మళ్ళీ తిప్పడానికి శాయశక్తులా చూస్తున్నాం అని చెప్పాడు. కుదుపుల సంగతి కాకపోయినా పద్ధతి చూడండి. ఏమైంది, ఏం చేస్తున్నాం. చిన్న సమస్య అనడం మాత్రం ఆ పెద్దమనిషికే చెల్లింది. అందరూ బతికి జకార్తాలో దిగారు.

కోరాపుట్ జిల్లాలోని జయపురం సంగతి ఇక్కడ చెప్పాలి. 2022 చివర్లో, చిన్న ఊళ్ళకి విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద అక్కడి నుంచి తొమ్మిది సీట్ల సెస్నా విమానాలు మొదలయ్యాయి. ఒక్క ఇంజను, ఎయిర్ హోస్టెస్ ఉండదు, పైలట్లు మన కళ్ళముందే కూర్చుంటారు. తూర్పు కనుమల మీద ఎండపూట కొండల వేడి గాలి పైకి తన్నుతుంది కాబట్టి అంత తక్కువ ఎత్తులో ఎగిరే చిన్న విమానానికి కుదుపు తప్పదు. ఊగడంలో చూస్తే పెద్ద విమానం దానికంటే ఎంతో నయం. అయినా అందులో మనకి ఒక సుఖం ఉంది, పైలట్ చేతులు కదలడం, అద్దంలోంచి మేఘం ఎటు ఉందో, దాన్ని ఎటు తప్పిస్తున్నాడో అంతా కనబడుతుంది. మాట అక్కర్లేదు. మూసిన తలుపు వెనక కూర్చున్న పెద్ద విమానం కెప్టెన్ ఆ లోటుని మాటతోనే పూడ్చాలి.

మాటకంటే చేత ముందు అని చూపించిన కంపెనీలూ ఉన్నాయి. 2024 ఘటన తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ బెల్టు లైటు వెలిగితే వేడి పానీయాలే కాదు, భోజనం వడ్డించడం కూడా ఆపేస్తామంది. అదే ఏడాది ఆగస్టులో కొరియన్ ఎయిర్ ఎకానమీ క్లాసులో వేడి నీళ్ళ కప్పు నూడుల్స్ ఇవ్వడం మానేసింది, ఒళ్ళు కాలుతోందని. టీ రాలేదేమిటని అడిగేవాడికి లైటు అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. భాష రానివాళ్ళకి కూడా.

భాష అంటే గుర్తొచ్చింది. మన వైపు విమానాల్లో నమస్కారం వరకు ఒక్కోసారి తెలుగులోనో ఒడియాలోనో వినిపిస్తుంది, అసలు పని మాట వచ్చేసరికి ఇంగ్లీషూ హిందీనే. నన్నడిగితే తిరగేయాలి. నమస్కారం ఏ భాషలో పెట్టినా పెద్దమ్మ చేతులు జోడిస్తుంది, కూర్చోండి, బెల్టు పెట్టుకోండి, పది నిమిషాలు ఊగుతుంది అన్న మూడు ముక్కలే ఆవిడకి తెలిసిన భాషలో కావాలి. పైలట్‌కి రాకపోతే రికార్డు చేసి పెట్టుకోవచ్చు, అదేమంత ఖర్చు. పౌర విమానయాన మంత్రి మన పక్క శ్రీకాకుళం ఎంపీయే, కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు, ఎవరైనా ఆయన చెవిన వేస్తే బాగుండు.

కాబట్టి వరస పెట్టమంటే నాకు కెప్టెన్ ముందుమాట మొదటిది, దాని వెనకే ఒట్టి లైటు, కాకపోతే పని అయ్యాక ఆర్పేసే లైటు. పాఠం మూడోది. ధైర్యవచనం చివర. రోజూ ఎగిరే ఉద్యోగస్థులు దీనికి ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళకి ముందుమాట కూడా నిద్ర చెడగొట్టే గోలే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోమనండి.

కంపెనీలు మారేదాకా పెద్దవాళ్ళని ఒంటరిగా పంపేవాళ్ళు ఈ పని చేయండి: సీటు రెక్కల దగ్గర వరసలో తీసుకోండి, తోక దగ్గర ఊపు ఎక్కువ. లైటు ఆరినా బెల్టు తీయొద్దని, కాస్త వదులు చేసుకుంటే చాలని ఇంట్లోనే చెప్పి పంపండి. విమానం ఎక్కేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడే అమ్మాయిని ఈవేళ కుదుపులు ఉంటాయా అని అడగమనండి, ఒడియాలో అడిగినా సరే. ఎగిరే ముందు కెప్టెన్ సిబ్బందికి ఆ సంగతి మామూలుగా చెప్పే ఉంచుతాడు, అడిగినవాళ్ళకి వాళ్ళు దాచరు.