గోపాల్‌పూర్ పడవలు, గింప్‌లో వెలుగును బట్టి సెలెక్షన్

మాది బరంపురం. మొన్న తెల్లారకుండానే గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్లి తీసిన ఫొటోల్లో ఆకాశం వెలిగిపోయింది, ఒడ్డున పడవలేమో నల్లటి ముద్దల్లా వచ్చాయి. చేత్తో గీసి కావాల్సిన భాగాన్ని ఎంచుకునే లాసో టూల్‌తో చుట్టూ గీద్దామంటే తాళ్లు, వలల దగ్గరే ప్రాణం పోయింది, పైగా అంచుల్లో తెల్ల గీత మిగిలిపోయేది.

ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ గింప్‌లో లేయర్‌ని, అంటే ఫొటో పొరని, డూప్లికేట్ చేసి, మార్పు ఎక్కడ ఎంత పడాలో చెప్పే లేయర్ మాస్క్ పెట్టేటప్పుడు 'గ్రేస్కేల్ కాపీ ఆఫ్ లేయర్' ఎంచుకుంటే ఫొటోలోని వెలుగే మాస్క్ అయిపోతుంది: తెల్లనిచోట మార్పు పూర్తిగా పడుతుంది, బూడిదరంగు చోట కొంచెం కొంచెంగా, నల్లనిచోట అసలు పడదు. ఇన్వర్ట్ మాస్క్ దగ్గర టిక్ పెడితే నీడలు దొరుకుతాయి. అలా పెట్టి, వెలుగునీడలు సర్దే కర్వ్స్ గీతని కాస్త పైకి లాగగానే పడవ చెక్క మీద పెచ్చులూడిన నీలం రంగు, వల కన్నాలతో సహా కనిపించాయి, భలే సంతోషమేసింది! ఒక్క జాగ్రత్త, కర్వ్స్ తెరిచే ముందు లేయర్ల జాబితాలో మాస్క్ మీద కాకుండా లేయర్ చిన్న బొమ్మ మీద క్లిక్ చేయాలి. మాస్క్‌ని సెలెక్షన్‌గా మారిస్తే కదిలే చుక్కల గీత సగానికి పైగా సెలెక్ట్ అయిన చోటే కనిపిస్తుంది, మిగతాది పోయిందని టెన్షన్ పడొద్దు.

సూర్యుడి చుట్టూ పూర్తిగా తెల్లబడిన చోట మాత్రం ఇదీ ఏం చేయలేదు, అక్కడ రంగే లేదు కదా. పైసా ఖర్చులేని సాఫ్ట్‌వేర్ ఇది, నా పెళ్లి ఆల్బమ్‌ల పని కూడా ఇప్పుడు దీంతోనే.